గృహస్థుడు – కరెంటు పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



మహాభారతమున సభాపర్వమందు నారదమహర్షి ఇంద్రప్రస్థమునకు విచ్చేసి ధర్మరాజును పెక్కు ప్రశ్నలు వేయును. కోటలను గూర్చి, సేనలను గూర్చి, చెరువులను గూర్చి విచారించిన ఆ మహర్షి, గణకులును లేఖకులును ఆయవ్యయముల లెక్కను ప్రతిదినము పూర్వాహ్ణముననే ఒప్పగించుచున్నారా యని కూడ అడుగును. రాజసూయము చేయబోవు చక్రవర్తికే పద్దు చూచుకొనుట తప్పని పని యైనచో, నెలజీతముతోనో రెండు పంటల రాబడితోనో సంసారము నీడ్చు గృహస్థునకు వేరుగ చెప్పనేల? ఆ భారతమును తెనిగింప నారంభించిన నన్నయభట్టు గోదావరి కావలి యొడ్డున రాజమహేంద్రవరమున నుండినవాడు. కావున ఈ ప్రశ్న నిడదవోలువారికి పొరుగింటినుండి వచ్చిన ప్రశ్నయే.

నేటి గృహముల పద్దులలో అందరును చెల్లించునదియు, మిక్కిలి కొలదిమంది మాత్రమే చదువునదియు నొకటి గలదు. అది కరెంటు బిల్లు. మీటరు చూచువాడు వచ్చి, చేతియంత్రమునుండి సన్నని కాగితము నొకదానిని చించి యిచ్చి పోవును. ఇంటివారు దాని అడుగున నున్న మొత్తమును, కట్టవలసిన గడువును చూచి మేకునకు గ్రుచ్చుదురు. మొత్తము చిన్నదైన ఆ నెల శాంతి. పెద్దదైన కలహము. మీటరు పరుగెత్తుచున్నదని యొకరు, క్రొత్త పొయ్యి వలన నని యొకరు, రాత్రియంతయు ఏ.సి. ఆడుటవలన నని మరియొకరు. నేర మెవరిదో తేలకముందే శిక్ష పడుచున్నది. ఆ కాగితమును మొదటినుండి కడవరకు చదువ నేర్చినచో కలహములో సగము తీరునని చూపుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

మొదట గుర్తింపవలసిన విషయ మొకటి. పూర్వము ఇంటి యింధనపు ఖర్చు ఒకచోట కనబడెడిది కాదు. కట్టెలకు, పిడకలకు వేరు లెక్క. దీపమునకు కిరసనాయిలు లెక్క. నీళ్లు నూతినుండి తోడుటకు చేతుల శ్రమయే గాని లెక్కయే లేదు. తరువాత గ్యాసు బండ వచ్చి వేరొక పద్దు తెరచినది. నేడు కొన్ని యిండ్లలో పొయ్యియు కరెంటుదే. స్నానమునకు వేడినీరు కరెంటుదే. మేడమీది తొట్టికి నీరెక్కించునది కరెంటే. వేసవిలో గదిని చల్లబరచునదియు కరెంటే. నాలుగైదు పద్దులు ఒకే పుటలో చేరినపుడు ఆ పుట మొత్తము పెరుగుట వింత కాదు. అట్టి యింటివారు తమ బిల్లును గ్యాసు పొయ్యిగల పొరుగింటి బిల్లుతో పోల్చి దిగులుపడుట, బియ్యపు ఖర్చును ఇద్దరి ఖర్చుతో పోల్చక పదిమంది సంసారముతో పోల్చుట వంటిది. పోల్చదలచినచో పొరుగువారి గ్యాసు బండ వెలను వారి కరెంటు బిల్లునకు కలిపి పోల్చవలెను.

ఇక యూనిట్టు అననేమి? డెల్టా రైతునకు ఇది సులభముగ బోధపడును. 1852లో కాటన్ దొర పూర్తిచేయించిన ఆనకట్ట పడమటి కొన విజ్జేశ్వరము. అచ్చటి తూములనుండి పశ్చిమ డెల్టా కాలువలకు నీరు పారును. తూము ఎంత వెడల్పుగ తెరచియున్నదో అది వాటు. ఎంతసేపు పారి చేను ఎంత తడిసినదో అది యూనిట్టు. వేయి వాట్ల పరికరము ఒక గంట పనిచేసిన ఒక యూనిట్టు. చిన్న తూమైనను రాత్రింబవళ్లు తెరచియుంచిన చేను మునుగును. పెద్ద తూమైనను క్షణకాలము తెరచి మూసిన గట్టు కూడ తడవదు.

ఈ సూత్రముతో ఇంటిలోని పరికరములను చూడుడు. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము గంటల తరబడి వెలిగినను ఖర్చు స్వల్పము. వేడిని పుట్టించునవి, చలిని పుట్టించునవి పెద్ద తూములు. గీజరు, ఇండక్షను పొయ్యి ఒక్కొక్కటి 2,000 వాట్ల వరకు లాగును. ఒకటిన్నర టన్నుల ఏ.సి. కంప్రెషరు ఆడునపుడు 1,500 వాట్లు, అంతకు పైనను లాగుట కలదు. ఒక గుఱ్ఱపు శక్తి నీటి మోటారు గంటకు సుమారొక యూనిట్టు తినును. పాతరకపు ఫ్యాను 75 వాట్లే గదా యని పలువురు దానిని లెక్కచేయరు. కాని గోదావరి తీరపు ఉక్కలో దానిని ఆపువారెవరు? అదియే అహోరాత్రములు తెరచియున్న చిన్న తూము.

రెండవది రేటు. ఇచ్చటనే పలువురు పొరబడుదురు. కూరగాయలవలె కరెంటునకు ఒకే ధర లేదు. మెట్లు మెట్లుగ నున్నది. విద్యుత్తు నియంత్రణ మండలి 2022వ సంవత్సరపు టారిఫ్ ఉత్తర్వున నిర్ణయించి, 2025–26 వరకు కొనసాగించిన గృహ రేట్లివి: నెలకు మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 90 పైసలు, 31 మొదలు 75 వరకు 3 రూపాయలు, 76 మొదలు 125 వరకు 4 రూపాయల 50 పైసలు, 126 మొదలు 225 వరకు 6 రూపాయలు, 226 మొదలు 400 వరకు 8 రూపాయల 75 పైసలు, 400 దాటినవానికి 9 రూపాయల 75 పైసలు. అనగా తొలి యూనిట్టునకును తుది యూనిట్టునకును ధరలో అయిదు రెట్ల భేద మున్నది.

400 దాటినచో అన్ని యూనిట్లకును 9 రూపాయల 75 పైసలు పడునని కొందరి భయము. అది సరికాదు. ఏ మెట్టుపై నున్న యూనిట్లకు ఆ మెట్టు ధరయే. ఎంత పెద్ద వాడకము గల యింటికైనను తొలి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలకే లభించును. ఆ భయమునకు పూర్వము కొంత ఆధారము లేకపోలేదు. 2022 ఉత్తర్వునకు ముందు గృహములు వాడకమును బట్టి మూడు వర్గములుగ నుండెను. వర్గము మారిన రేట్లన్నియు మారెడివి. ఆ వర్గములు పోయి ఒకే నిచ్చెన మిగిలినది.

ఇపుడు నిడదవోలులో ఒక గృహము నూహింపుడు. అత్తగారు, మామగారు, కుమారుడు, కోడలు, ఒక బిడ్డ. గ్యాసు బండ లేదు, సర్వమును కరెంటే. మే నెల. ఏ.సి. పెద్దల గదిలో రాత్రి 8 గంటలు, గంటకు ఒక యూనిట్టు చొప్పున నెలకు 240 యూనిట్లు. ఇండక్షను పొయ్యి దినమునకు 3 చొప్పున 90. పాత ఫ్యానులు మూడు, దినమునకు 12 గంటలు, 81. ఫ్రిజ్జు 30. మోటారు 15. టి.వి. 12. దీపములు 8. మిక్సీ, ఇస్త్రీ పెట్టె, బట్టలుతుకు యంత్రము కలిసి 14. మొత్తము 490 యూనిట్లు. మెట్ల ప్రకారము లెక్కింపగా 57, 135, 225, 600, 1,531.25, 877.50, కలిసి 3,425 రూపాయల 75 పైసలు.

బిల్లు చూచి అత్తగారనును: "గ్యాసు పొయ్యి యున్నచో 400 యూనిట్లే యగును, 2,548 రూపాయలతో పోవును. ఆ పొయ్యి 877 రూపాయలు తిన్నది." లెక్క సరియే. కోడలనును: "అత్తయ్యగారూ, ఏ.సి. లేనిచో 250 యూనిట్లే యగును, 1,235 రూపాయలే కట్టుదుము. ఏ.సి. 2,190 రూపాయలు తిన్నది." ఆ లెక్కయు సరియే. కుమారుడు ఫ్యానులను తీసివేసి చూచి, 409 యూనిట్లకు 2,636 రూపాయలే యగును గనుక అవి 789 రూపాయలు తిన్నవనును. అదియును సరియే. కాని ఈ మూడు నేరములను కూడి చూడుడు. 3,857 రూపాయలు! అసలు బిల్లే 3,425. ఫ్రిజ్జు, మోటారు, దీపములు ఇంకను లెక్కకే రాలేదు. ముగ్గురి లెక్కయు సరియైనపుడు మొత్తమేల తప్పినది?

రహస్యమిది. ప్రతివారును తమకు గిట్టని పరికరమును నిచ్చెన పైమెట్టున నిలిపి, తక్కినవానిని క్రింది మెట్లపై నిలుపుచున్నారు. పైమెట్టున ఎవరిని నిలిపిన వారే దోషులు. కాని మీటరునకు పొయ్యి యూనిట్టని, ఏ.సి. యూనిట్టని భేదము లేదు. ఏరు దాటిన నీటిలో ఏ చుక్క ఏ వానదో చెప్పగలవారెవరు? తుదిమెట్టు ఉమ్మడి కుటుంబపు అప్పువంటిది. ఏ ఒక్కరి పేరనో వ్రాయతగినది కాదు. కావున "ఎవరి వలన?" అను ప్రశ్న విడిచి, "పైమెట్టునుండి దిగుటకు ఏది సులభము?" అని అడుగవలెను. బిల్లును చదువుటలో ముఖ్యసూత్రము ఇంతకు మించి లేదు.

ఆ యింటివారు ఆ ప్రశ్న అడిగిరనుకొనుడు. పాత ఫ్యానులకు బదులు 30 వాట్లతో తిరుగు బి.ఎల్.డి.సి. ఫ్యానులు బిగించినచో నెలకు సుమారు 48 యూనిట్లు మిగులును. ఏ.సి.ని 20 డిగ్రీలనుండి 24కు మార్చినచో, డిగ్రీకి నూటికి సుమారు 6 వంతులు తగ్గునని విద్యుత్తు పొదుపు విషయమున పనిచేయు కేంద్రసంస్థ చెప్పుచున్నది గనుక, 50 యూనిట్లైనను మిగులును. 2020 జనవరినుండి స్టారు ముద్రగల గది ఏ.సి.లు 24 డిగ్రీలపైననే అమర్చబడి వచ్చుచుండుటకు కారణమిదియే. ఈ రెండు మార్పులతో 490 యూనిట్లు 392 అగును. బిల్లులో 947 రూపాయలు తగ్గును. పొయ్యి నేరమని అత్తగారు చెప్పిన 877 రూపాయలకంటె అది యెక్కువ. పొయ్యి కదలలేదు, పెద్దల గదిలో ఏ.సి. ఆగలేదు, ఎవరి మాటయు పడిపోలేదు.

అదే యింటి నవంబరు నెలను చూడుడు. ఏ.సి. లేదు, ఫ్యానులు సగము, గీజరు 52 యూనిట్లు. మొత్తము 261 యూనిట్లు, 1,332 రూపాయలు. మే నెల వాడకము నవంబరు వాడకమునకు రెట్టింపు కూడ కాదు; ధర మాత్రము రెండున్నర రెట్లు దాటినది. "వాడినది కొంచెమే హెచ్చు, బిల్లేల ఇంత హెచ్చినది?" అని అడుగువారికి ఇదియే సమాధానము.

మరి కరెంటు పొయ్యి లాభమా, గ్యాసు లాభమా? 14.2 కిలోల బండలోని వేడిలో కొంత పొయ్యి చుట్టును గాలిలో కలియును. ఇండక్షను పొయ్యిలో నష్టము తక్కువ. రెండును లెక్కించినచో ఒక బండ వంట సుమారు 130 మొదలు 140 యూనిట్ల కరెంటు వంటకు సమానము. 2025 ఏప్రిలులో ఢిల్లీ నగరమున రాయితీ లేని బండ 853 రూపాయలు. ఆ ధరతో చూచిన, యూనిట్టు 6 రూపాయలు, 6న్నర రూపాయల నడుమ నున్నపుడు రెండును సమానము. కావున ఇంటి మొత్తము వాడకము 225 యూనిట్లలోపల నున్నచో కరెంటు పొయ్యి నష్టము కాదు. 400 దాటిన నెలలలో గ్యాసే చౌక. పొయ్యి మంచిచెడ్డలు పొయ్యిలో లేవు; అది నిలిచిన మెట్టులో నున్నవి. ఇండక్షను పొయ్యిపై అయస్కాంతము పట్టు అడుగుగల సమమైన పాత్రలే పనికివచ్చును. ఇత్తడి, రాగి, మామూలు అల్యూమినియము గిన్నెలు వేడెక్కవు. పప్పును ముందుగ నానబెట్టి, మూతపెట్టి వండుట ఏ పొయ్యికైనను పొదుపే.

ఇక బిల్లులోని తక్కిన పంక్తులు. ఒప్పుకొన్న లోడునకు కిలోవాటునకు నెలకు 10 రూపాయల చొప్పున స్థిరరుసుము. ఇది వాడినను వాడకున్నను ఉండును. యూనిట్టునకు 6 పైసల విద్యుత్తు సుంకము. తరువాతి పంక్తి పలువురిని కలవరపెట్టునది: ఇంధనము, విద్యుత్తు కొనుగోలు వ్యయముల సర్దుబాటు. బొగ్గు, గ్యాసు ధరలు అంచనాను మించినపుడు ఆ భేదమును తరువాతి నెలలలో వసూలు చేయుదురు. 2023 ఏప్రిలునుండి యూనిట్టునకు 40 పైసల వరకు నెలనెలా వేయుటకు నియమము వచ్చినది. ఇది గడచిన వాడకమునకు సంబంధించిన పాతబాకీ; ఈ నెల పొయ్యిని, ఏ.సి.ని నిందించి ప్రయోజనము లేదు. అందుచే బిల్లులో ఈ నెల వాడకపు పంక్తిని, పాతబాకీ పంక్తిని వేరుపరచి చదువవలెను. నిడదవోలు మండలమందలి విజ్జేశ్వరముననే సహజవాయువుతో నడచు 272 మెగావాట్ల విద్యుత్కేంద్రము 1990 దశకమున రెండు విడతలుగ నిర్మింపబడినది గదా, ఊరివారికి ధర తగ్గవలదా యని కొందరందురు. కేంద్రము ఏ యూరిలో నున్నను విద్యుత్తు గ్రిడ్డులో కలియును; ధర రాష్ట్రమంతటికి నియంత్రణ మండలి నిర్ణయించును.

రీడింగు తేదీలను కూడ చూడవలెను. ఒక నెల 28 దినములకు, మరియొక నెల 34 దినములకు రీడింగు తీసినచో రెండు బిల్లుల మొత్తములను పోల్చుట తగదు. యూనిట్లను దినములచే భాగించి దినసరి సగటును పోల్చిననే నిజము తెలియును.

వాడకమును మించి బిల్లు వచ్చినదని తోచినపుడు మొదట చేయవలసిన పరీక్ష సులభమైనది. ఇంటిలోని ప్రతి పరికరమును ఆపి, మెయిను మాత్రము ఉంచి, మీటరుపై మిణుకుమను ఎఱ్ఱదీపమును చూడవలెను. సర్వమును ఆగినను అది మిణుకుచున్నచో ఎచ్చటనో కరెంటు కారుచున్నది, లేదా మరచిన పరికర మొకటి పనిచేయుచున్నది. ఒక్కొక్క స్విచ్చును దింపుచు పోయినచో ఏ తీగపై నున్నదో దొరకును. మీటరుపై యూనిట్టునకు ఎన్ని మిణుకులో ముద్రించియుండును. 3,200 అని యున్నచో అన్ని మిణుకులకు ఒక యూనిట్టు. వేయి వాట్ల ఇస్త్రీ పెట్టె వంటిదానిని నమ్మి లెక్క చూడరాదు. అది నడుమ నడుమ తనంతట ఆగుచుండును. ఎడతెగక వెలుగు పాత బల్బు వంటిది మేలు. 100 వాట్ల బల్బు ఒక గంట వెలిగిన 320 మిణుకులు రావలెను. రమారమి అంతయే వచ్చినచో మీటరు నిర్దోషి.

దొంగలు సాధారణముగ మీటరులో గాక నీటియొద్ద దాగియుందురు. మోటారు ఫుట్‌వాల్వు చెడి గొట్టములో నీరు నిలువక, మోటారు గంటల తరబడి గాలిని లాగుచుండుట ఒకటి. మేడపై తొట్టి పొర్లిపోవుచున్నను స్విచ్చు ఆపకుండుట రెండవది. వేడినీటి కొళాయి బొట్టుబొట్టుగ కారుచుండగా గీజరు మాటిమాటికి వెలుగుట మూడవది. బోరు నీటి సున్నము గీజరు కమ్మికి పెచ్చుగట్టిన నీరు కాగుటయు ఆలస్యమగును. కౌటిల్యుడు అర్థశాస్త్రమున అధికారులు ధనమపహరించు నలువది విధములను పేర్కొనెను. ఇంటి కరెంటు పోవు విధములు అన్ని లేవు. పైమూడింటిని కాచుకొన్న చాలవరకు చాలును.

ఇన్ని చేసినను అనుమానము తీరనిచో కోపముతో మీటరు చూచువానిని నిందించుట న్యాయము కాదు. అతడు అంకెను వ్రాయువాడే గాని పుట్టించువాడు కాడు. 1912 సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించి, దాని సంఖ్యను గుర్తుంచుకొనవలెను. రుసుము చెల్లించి మీటరును పరీక్షింప కోరవచ్చును. అచ్చటను న్యాయము జరుగలేదని తోచిన 2003వ సంవత్సరపు విద్యుచ్చట్టము వినియోగదారుల ఫిర్యాదుల వేదికను, దానిపై అంబుడ్స్‌మనును ఏర్పరచినది. కాని అట్టిచోటికి పోవువాని చేత కాగితము లుండవలెను. మేకునకు గ్రుచ్చి ఎలుకల పాలైన బిల్లులు సాక్ష్యము చెప్పజాలవు.

పైమెట్టున ఎప్పుడును నిలిచియుండు సర్వవిద్యుద్గృహమునకు మరియొక మార్గము ఇంటికప్పు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకమున 2 కిలోవాట్ల వరకు కిలోవాటునకు 30,000 రూపాయల చొప్పున, 3 కిలోవాట్లకు మొత్తము 78,000 రూపాయల కేంద్ర రాయితీ ఏర్పడినది. ఒక కిలోవాటు పలకలు దినమునకు సగటున 4 యూనిట్లు ఇచ్చును. 2 కిలోవాట్లకు నెలకు 240. పైన ఊహించిన యింటికి అది ఏ.సి. వాడకమంతటికి సరిపోవును, అదియును 9 రూపాయల 75 పైసల యూనిట్లను, 8 రూపాయల 75 పైసల యూనిట్లను ముందుగ తొలగించును. మే నెలలో 2,190 రూపాయల తగ్గుదల. చిన్న వాడకము గల యింటికి ఇంత లాభము లేదు. క్రింది మెట్టు యూనిట్లను తప్పించిన మిగులునది స్వల్పము. కావున అప్పుచేసి పలకలు పెట్టువాడు మొదట తన పన్నెండు నెలల బిల్లులను పేర్చుకొని చూడవలెను.

తుదిమాట. మీటరు ప్రక్కన ఒక చిన్న నోటుపుస్తకమును దారముతో వ్రేలాడగట్టుడు. ఆదివారము ఉదయమున ఇంటిలో చదువుకొనుచున్న బిడ్డచేత మీటరు అంకెను, తేదీని వ్రాయింపుడు. గడచిన వారపు అంకెను తీసివేసి ఏడుచే భాగింప నేర్పుడు. ఆ బిడ్డకు గణితము వచ్చును. పెద్దలకు నెల నడుమనే హెచ్చరిక వచ్చును. బిల్లు వచ్చు దినమున ఎవరిమీదను నేరము పడదు. నారదుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నకు ఆ యింటి బిడ్డయే సమాధానము చెప్పగలదు.

ఇరువదియైదేండ్లుగ ఈ గ్రంథాలయము ఊరివారికి పత్రిక చదువుట నేర్పినది, పురాణము చదువుట నేర్పినది. చదువు రాని యిరుగుపొరుగువారు ఉత్తరములు తెచ్చి ఇచ్చటి పాఠకులచేత చదివించుకొనుట లోకమున ఎల్ల గ్రంథాలయముల వాడుక. ఇకమీదట వారు తమ కరెంటు బిల్లులను కూడ తెత్తురు గాక! చదివి చెప్పువారు మొత్తమును మాత్రమే చెప్పి పంపక, మెట్టు మెట్టుగ చదివి చెప్పుదురు గాక!

స్వస్తి.